ఆరో జట్టు

జూన్ నెలలో కుస్తీ కోచ్‌కి పనేమీ ఉండదని మా ఊళ్ళో అందరి నమ్మకం. పిల్లలు సెలవులకి వెళ్ళిపోతారు, మ్యాట్లు చుట్టేసి గోడవారన పెడతారు, కోచ్ చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చుంటాడు. ఇరవై నాలుగేళ్ళు నేనూ అదే చేశాను. ఈ జూన్‌లో మాత్రం నా గాలం షెడ్డులోంచి బయటికి రాలేదు. ఇంటికీ ఆఫీసుకీ కఫేకీ మధ్య కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

"కాసేపు కూర్చోవయ్యా బాబూ, నేల అరిగిపోతోంది," అంది మా ఆవిడ డోరీన్.

"కూర్చుంటే ఆరోది దొరుకుతుందా?"

"తిరిగితే మాత్రం దొరికిందా?"

నాకు కావలసింది ఒక్కటంటే ఒక్క జట్టు. మా బ్లఫ్స్ కాన్ఫరెన్స్‌లో, అంటే మాలో మేం పోటీలు పెట్టుకుని, వచ్చిన టీవీ డబ్బు పంచుకునే కాలేజీల గుంపులో, మార్చి దాకా ఏడు కుస్తీ జట్లుండేవి. ఫుట్‌బాల్‌కి ఎక్కువ డబ్బు దొరికే చోటు చూసుకుని రెండు కాలేజీలు మూటాముల్లె సర్దుకున్నాయి. మిగిలింది ఐదు. ఆరు జట్లు లేని కాన్ఫరెన్స్ పోటీకి గుర్తింపు ఉండదు. గుర్తింపు లేకపోతే మా పిల్లలకి జాతీయ పోటీలకి వెళ్ళే దారి మూసుకుపోతుంది. ఆ దారి లేని జట్టుని ఏ కాలేజీ మేపదు. జూన్ ముప్పై లోపు ఆరోది చేరకపోతే మా కాలేజీ డన్‌బార్ స్టేట్‌లో కుస్తీ అయిపోయినట్టే, నా ముప్పై ఒక్కమంది పిల్లలూ రోడ్డున పడ్డట్టే.

ఎద్దులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరుగుతాయంటారు. ఇక్కడ ఎద్దులు పోట్లాడుకోను కూడా లేదు. మేత ఎక్కువున్న పొలం వైపు నడిచాయి, అంతే.

కాలేజీ ఆటల విభాగానికి పెద్ద అయిన మా అథ్లెటిక్ డైరెక్టర్ ట్రెవర్ ఆష్‌బీ వయసు నలభై. జన్మలో ఒక ఆట ఆడినవాడు కాదు, ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి వచ్చాడు. మే నెలలో నేను గోడు చెప్పుకుంటే భుజం మీద చెయ్యి వేశాడు. "ఆరోది మీరే వెతికి తెండి కోచ్. ఎవర్ని కలుస్తారో కలవండి, ఎంత గట్టిగా అడుగుతారో అడగండి. మేం ఇక్కడే ఉంటామని అందరికీ చెప్పండి," అన్నాడు. పెట్రోలు ఖర్చు కూడా ఇప్పించాడు. అంత మంచితనం చూసినప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

మూడు కాలేజీలు లేదన్నాయి. నాలుగోది ఫోనే ఎత్తలేదు. జూన్ మూడో వారంలో ఒక పొద్దున కఫేలో కాఫీ చల్లారబెట్టుకుంటుంటే మైరన్ పిలిచాడు. మైరన్ మా ఊరి పాత పోస్ట్‌మాన్, డెబ్బై ఎనిమిదేళ్ళవాడు. రిటైరయ్యాక ఫోన్ పట్టుకుని విమానాలు చూస్తూ కూర్చుంటాడు.

"ఏరా లైల్, నిన్న మళ్ళీ దిగింది."

ఇది మా వైపు కొత్తగా పుట్టిన జబ్బు. ఏ కాలేజీ ఏ కాన్ఫరెన్స్‌లోకి దూకుతుందో పెద్దవాళ్ళెవరూ నోరు విప్పరు. అందుకని జనం ప్రైవేటు విమానాల మీద కన్నేశారు. తోక మీది నంబరు కొడితే చాలు, అది ఎక్కడ లేచిందో ఎక్కడ వాలిందో ఫోన్ చెప్పేస్తుంది. పొలం దున్నుకునేవాడు కూడా ట్రాక్టర్ ఆపి ఆకాశంలోకి చూస్తున్నాడు.

"డెన్వర్ నుంచి. తెల్లది, చిన్నది," అన్నాడు మైరన్. "ఈ నెలలో మూడోసారి. ఆ పెద్ద ఫుట్‌బాల్ గుంపు, మెరిడియన్ కాన్ఫరెన్స్ వాళ్ళ ఆఫీసు ఎక్కడుందో తెల్సా? డెన్వర్‌లో."

"ఇథనాల్ ఫ్యాక్టరీ అమ్మకానికి పెట్టారు కదా పెద్దాయనా. కొనేవాళ్ళై ఉంటారు."

"ఫ్యాక్టరీ కొనేవాడు మూడు గంటల్లో తిరిగి పోతాడట్రా? ఒక్కపూట తిండి కూడా తినకుండా?"

"మెరిడియన్ వాళ్ళు మనల్ని పిలుస్తారా? కిందటేడు మన ఫుట్‌బాల్ జట్టు గెలిచింది మూడు ఆటలు. అందులో ఒకటి అవతలివాళ్ళ బస్సు చెడిపోయి, అలిసిపోయి వచ్చినందుకు!"

కఫే అంతా నవ్వింది. మైరన్ నవ్వలేదు. "నవ్వండి నవ్వండి. ఏ ఇంటికి ఏ కవరు వస్తే ఆ ఇంట్లో ఏమవబోతోందో ముప్పై ఏళ్ళు చూసినోణ్ణి," అని ఫోన్లో తల దూర్చాడు.

నేను వినిపించుకోలేదు. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్ళు చేసే కాలక్షేపం అదని నా చులకన. అదీకాక నా బుర్ర నిండా అప్పటికే ఇంకొకటి ఉంది. ఆరోదానికి ఒక్క కాలేజీ మిగిలింది. దాని కోచ్ నాతో మాట్లాడి పందొమ్మిదేళ్ళయింది.

డెల్ హాఫ్‌స్టాడ్‌ది నార్లింగ్ కాలేజీ, మా ఊరికి మూడు గంటల దూరం. ఒకప్పుడు మేమిద్దరం ఒకే ట్రక్కులో పోటీలకి వెళ్ళేవాళ్ళం. పందొమ్మిదేళ్ళ కిందట సీజన్ ఆఖరి పోటీ మా దగ్గర జరిగింది. కుస్తీకి ముందు ప్రతి పిల్లవాణ్ణీ తూకం వేస్తారు, తన విభాగం బరువు దాటితే ఆడనివ్వరు. డెల్ జట్టులో నూటముప్పైమూడు పౌన్ల కుర్రాడు పౌనులో పదో వంతు ఎక్కువ తూగాడు. ఆఖరి ఏడాది విద్యార్థి, వాళ్ళమ్మా నాన్నా పశువుల్ని పొరుగువాళ్ళకి అప్పజెప్పి వచ్చారు. రిఫరీ నా మొహం చూశాడు. నేను కళ్ళు మూసుకుంటే అయిపోయేది. నియమం నియమమే అన్నాను. కుర్రాడు బట్టలేసుకుని బల్ల మీద కూర్చుని ఏడ్చాడు. డెల్ నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు, ఆ రోజు నుంచి నా వైపు చూడలేదు.

బుధవారం పొద్దున నేను వెళ్ళేసరికి డెల్ కుస్తీ గదిలో ఒక్కడే మ్యాట్ కడుగుతున్నాడు. మ్యాట్ కడగడం మా వృత్తిలో కోచ్ స్వయంగా చేసుకునే పని. ఒకడికి తామర అంటుకుంటే వారంలో జట్టంతా గోక్కుంటూ కూర్చుంటుంది. అందుకని ఎవరినీ నమ్మం. సెలవుల్లో కూడా కడుగుతున్నాడంటే వీడింకా మారలేదనుకున్నాను.

"ఎవరు పోయారు?" అన్నాడు తలెత్తకుండా.

"ఎవరూ పోలేదు."

"మరి నువ్వెందుకొచ్చావు? బూట్లు తియ్యి ముందు. అది నీ మ్యాట్ కాదు."

బూట్లు తీసి మేజోళ్ళతో నిలబడ్డాను. దారిపొడవునా కూడబలుక్కున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "డెల్, నాకు ఆరో జట్టు కావాలి. నువ్వు రా," అన్నాను.

"నేనొస్తే నీ జట్టు బతుకుతుంది. నాకేంటి?"

"మూడు గంటల ప్రయాణం. నీకు ఒహాయో కాన్ఫరెన్స్ వాళ్ళు పిలుపు పంపారని విన్నా. అక్కడికి బస్సులో పధ్నాలుగు గంటలు. నీ పిల్లలు సెమిస్టరంతా బస్సులోనే చదువుకోవాలి."

"దూరమే. కానీ గట్టి చోటు. తొమ్మిది జట్లున్నాయి, ఏదీ కదలదు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకి జాబితా మూసేస్తారు. నేను ఊఁ అనాలి, లేదా ఉఁహూఁ అనాలి." తుడుపు కర్ర గోడకి ఆనించి మొదటిసారి నా మొహంలోకి చూశాడు. "ఆ పిల్లాడు గుర్తున్నాడా?"

"గుర్తులేకేం."

"పశువుల డాక్టరయ్యాడు. ఇద్దరు కూతుళ్ళు. ఆవుని తూకం వేసినప్పుడల్లా నిన్ను తిట్టుకుంటాడట."

నాకు నవ్వాగలేదు. డెల్ కూడా నవ్వాడు, కానీ త్వరగా ఆపేశాడు. "తప్పు చేశానంటావా?" అని అడిగాడు.

"నువ్వా? నువ్వేం చేశావు?"

"పొద్దున్నే వాణ్ణి మా తూకం మీద చూశాను. ఎక్కువున్నాడని నాకు తెలుసు. నువ్వు చూసీచూడనట్టు పోతావనుకున్నా. పందొమ్మిదేళ్ళు నీ మీద కోపం పెట్టుకున్నా కానీ, సగం కోపం నా మీదే."

గదంతా బ్లీచింగ్ వాసన. వాడు తుడుపు కర్ర మళ్ళీ అందుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు. అందరూ ఒక్కొక్కరే జారుకుంటున్నారు. నీ మాట నమ్మి నేను ఒహాయో వదిలేస్తే, రేపు మీ కాలేజీ కూడా జారుకుంటే? నా ఇరవై ఆరుమంది నట్టేట్లో మునుగుతారు. ఈసారి ఏ గుంపులోనూ చేరకపోతే జట్టు ఎత్తేస్తానని మా కాలేజీ ప్రెసిడెంటు చెప్పేశాడు."

"మేం ఎక్కడికీ పోం."

"ఎవరి మాట ఇది?"

"నా మాట."

"నీ మాటైతే చాలు. నువ్వు పదో వంతు పౌను కూడా వదిలేవాడివి కాదని నాకంటే బాగా ఎవడికి తెలుసు?" అని రెండో తుడుపు కర్ర నా చేతిలో పెట్టాడు. ఆ మధ్యాహ్నం మ్యాట్ సగం వాడు కడిగాడు, సగం నేను కడిగాను. తిరిగి వచ్చేటప్పుడు కార్లో పాటలు పాడుకున్నాను. నాకు పాట రాదు.

శుక్రవారం పది దాటాక నార్లింగ్ కాలేజీని ఆరో జట్టుగా చేర్చుకోమని రాసిన కాగితం పట్టుకుని ఆష్‌బీ గదికి వెళ్ళాను. పిల్లలకి ముందే చెప్పేద్దామని నోరు దురద పెడుతున్నా, ముందు సంతకం పడనీ అని ఆగాను. ఆష్‌బీ కాగితం చదివాడు. లేచి వెళ్ళి తలుపు మూశాడు.

"మీరు నిజంగానే తెస్తారనుకోలేదు కోచ్."

"తెచ్చాగా. సంతకం పెట్టండి."

"కూర్చోండి. ఇది ఈ గది దాటకూడదు. సోమవారం మనం మెరిడియన్‌లో చేరుతున్నట్టు ప్రకటిస్తున్నాం."

ఆ తర్వాత ఆయన చాలా చెప్పాడు. టీవీ ఒప్పందంలో ఇప్పుడొచ్చే దానికి ఎనిమిది రెట్లు వస్తుందన్నాడు. కొత్త స్టేడియం అన్నాడు. మెరిడియన్‌లో కుస్తీ లేదు, అందుకని మన దగ్గరా ఉండదన్నాడు. పిల్లలకి చదువు పూర్తయ్యేదాకా స్కాలర్‌షిప్ ఆగదు, ఆ తీర్మానం అయిపోయింది, వేరే కాలేజీలో ఆడుకుంటామంటే వెళ్ళొచ్చన్నాడు. నాకు మాత్రం మైరన్ మొహం కనిపిస్తోంది. డెన్వర్, తెల్లది, చిన్నది. ఊరంతా ఆకాశంలోకి చూసి తెలుసుకున్నదాన్ని, దానిమీదే బతుకు ఆధారపడ్డ నేను ఇథనాల్ అని కొట్టిపారేశాను.

"మరి నన్ను ఎందుకు తిప్పారు?" అన్నాను. "మే నెల నుంచీ ఊరూరూ ఎందుకు తిప్పారు?"

"నేను తిప్పలేదు, మీరే అడిగారు. నేను వద్దనలేదంతే." కాస్త ఇబ్బందిగా కదిలాడు. "చూడండి కోచ్, వెళుతున్నామని ఉత్తరం ఇచ్చేదాకా బ్లఫ్స్‌లో మనకి ఓటుంది, ఈ ఏటి వాటా ఉంది. ముందే పొక్కితే మిగతావాళ్ళు అత్యవసర సమావేశం పెట్టి రెండూ ఊడబీకుతారు. మీలాంటి మనిషి ఆరో జట్టు కోసం కాళ్ళరిగేలా తిరుగుతుంటే, మనం పోతామని ఎవరు అనుకుంటారు?"

కొట్టాలనిపించింది. యాభై ఏడేళ్ళ వయసులో, బల్ల అవతల కూర్చున్న మనిషిని రెండు క్షణాల్లో నేల కరిపించే పట్టు నా చేతుల్లో ఇంకా ఉంది. చేతులు తొడల కింద పెట్టుకున్నాను.

ఆయన ఒక కాగితం నా ముందుకి జరిపాడు. సోమవారం దాకా నోరు విప్పనని సంతకం. దానికి బదులు పూర్వ విద్యార్థుల ఆఫీసులో రెండేళ్ళు ఉద్యోగం. "మీకింకో ఏడాదైతే ఇరవై ఐదేళ్ళు నిండి పూర్తి పెన్షన్ వస్తుంది కదా. అది పోకూడదనే నేను పట్టుబట్టాను. కానీ పొక్కిందంటే మాత్రం నేనేమీ చెయ్యలేను. ఇవాళే తీసేస్తారు."

"చదివి ఇస్తాను," అని కాగితం తీసుకుని బయటపడ్డాను. కారిడార్ గడియారంలో పదకొండు ఐదైంది.

కుస్తీ గదిలోకి వెళ్ళి తలుపేసుకుని డెల్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మ్యాట్ కడుగుతూ ఉంటాడు, ఫోన్ ఆఫీసులో పడేసి ఉంటాడు. పదకొండుంపావు. వాళ్ళ ఆఫీసుకి చేస్తే ఒకావిడ "బయటున్నారండీ, చెప్తాను" అంది. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచాను. పెన్షన్ గురించి ఆలోచించలేదని అబద్ధం చెప్పను. ఆలోచించాను. డోరీన్ మోకాలి ఆపరేషన్ గురించి కూడా ఆలోచించాను. పన్నెండు దాకా ఊరుకుంటే చాలు, నేను ఏమీ చెయ్యకుండానే అంతా అయిపోతుందన్న ఆలోచన కూడా వచ్చింది, దానికి నాకు సిగ్గేసింది. ఇరవై నిమిషాలకి ఫోన్ మోగింది.

"ఏంట్రా, ఇన్నిసార్లు చేశావు? కొంపేం మునిగిపోయింది?"

"డెల్, ఒహాయో వాళ్ళకి వద్దని రాయకు. ఆపెయ్. మా వాళ్ళు మెరిడియన్‌కి పోతున్నారు. నాకూ ఇప్పుడే తెలిసింది."

గోడ మీది గడియారం వైపు తిరిగాను.

"డెల్? ఇంకా టైముంది. పన్నెండు దాకా..."

"పొద్దున ఎనిమిదింటికే రాసేశాను," అన్నాడు. "నువ్వు మాటిచ్చాక ఇంక మధ్యాహ్నం దాకా ఆగడం ఎందుకనుకున్నా."

నేను చుట్టి పెట్టిన మ్యాట్ మీద కూర్చుండిపోయాను. వాడు తిడితే బాగుండేది. పందొమ్మిదేళ్ళ కిందట తిట్టినట్టు తిడితే ఓర్చుకునేవాణ్ణి.

"మళ్ళీ రాయి," అన్నాను. "పొరపాటైందని రాయి. కారణం చెప్పు."

"ఏమని చెప్పను? పొద్దున వద్దని, ఇప్పుడు కావాలంటే పిచ్చోడనుకుంటారు. మీ కాలేజీ పోతోందని చెప్పాలి. ఎవరు చెప్పారంటే నీ పేరు చెప్పాలి. అప్పుడు నిన్నేం చేస్తారు?"

ఆష్‌బీ కాగితం పక్కన పెట్టాను.

"నీకు ఇరవై ఐదేళ్ళు ఎప్పటికి నిండుతాయి?"

"వచ్చే జూన్‌కి."

"అయితే నేను రాయను," అన్నాడు. "నిన్ను ముంచి నా జట్టు నిలబెట్టుకోలేనురా. ఏదో ఒకటి చూసుకుంటాలే. ఫోన్ పెట్టెయ్." వాడే పెట్టేశాడు.

పదకొండూ నలభై రెండు. ఒహాయో కాన్ఫరెన్స్ ఆఫీసు నంబరు వెతికి పట్టుకునేసరికి నలభై ఏడు. అక్కడి కమిషనర్ ఫిలిస్ అకార్డి అనే ఆవిడ. కార్యదర్శి మీటింగ్‌లో ఉన్నారంది. ప్రాణం పోయే పని అన్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు.

"చెప్పండి," అంది ఫిలిస్ అకార్డి. తొందరలో ఉన్న గొంతు.

"ఇవాళ పొద్దున నార్లింగ్ కాలేజీ కోచ్ మీ పిలుపు వద్దని ఉత్తరం రాశాడు. తప్పు అతనిది కాదు. అతనికి నేను తప్పు మాట చెప్పాను. ఆరో జట్టుగా మాతో రమ్మన్నాను, మేం ఎక్కడికీ పోమన్నాను. మేం పోతున్నాం."

"అంటే డన్‌బార్ స్టేట్ బ్లఫ్స్ కాన్ఫరెన్స్ వదిలేస్తోందా? మేం ఎక్కడా వినలేదే!"

"సోమవారం వింటారు."

కుర్చీ జరిపిన చప్పుడైంది, ఎవరికో ఆగమని చెప్పింది. "పన్నెండుకి మా బోర్డు ముందు జాబితా పెట్టాలి. ఇవాళే వద్దన్నవాళ్ళని ఇవాళే చేర్చుకోవాలంటే, తప్పుడు సమాచారం వల్ల అలా రాశారని కారణం చూపించాలి. గాలి కబురు పనికిరాదండీ. చెప్పిన మనిషి పేరు కావాలి, ఎవరై ఉండి చెప్పారో కూడా కావాలి. రాసుకోవచ్చా? మీకేం ఇబ్బంది లేదు కదా?"

ఆష్‌బీ ఇచ్చిన కాగితం నా పక్కనే మ్యాట్ మీద ఉంది. సంతకం చోట ఖాళీ అలాగే ఉంది.

"రాసుకోండి. లైల్ కుచెరా."

"హోదా?"

"డన్‌బార్ స్టేట్ కుస్తీ కోచ్," అన్నాను. ఇరవై నాలుగేళ్ళలో ఎన్ని వేలసార్లు అన్నానో ఆ మాట. ఇవాళ సగమే బయటికొచ్చింది.

"ఏమన్నారు? సరిగ్గా వినపడలేదు. మళ్ళీ చెప్పండి."

లేచి నిలబడి, ఈసారి గట్టిగా, మళ్ళీ చెప్పాను.